హరిత పరివర్తనకు ఖజానా సొమ్ము: లెక్క కుదిరింది ఎక్కడ, తప్పింది ఎక్కడ

2010-11 కేంద్ర బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ బొగ్గుపై ఒక కొత్త సెస్సు ప్రతిపాదించారు. దేశంలో తవ్వినదైనా, విదేశాల నుంచి తెచ్చుకున్నదైనా టన్నుకు 50 రూపాయలు కట్టాలి, ఆ సొమ్ముతో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి ఏర్పాటవుతుంది, ఆ నిధి నుంచి సౌర, పవన విద్యుత్తుకు, కొత్త సాంకేతిక పరిజ్ఞానానికి సాయం అందుతుంది అన్నది ఆలోచన. మురికి ఇంధనం మీద వసూలు చేసిన పన్నుతోనే శుభ్రమైన ఇంధనాన్ని పెంచాలన్న ఈ పద్ధతిని భారత్ చాలా సంపన్న దేశాల కన్నా ముందే చేపట్టింది. సెస్సు 2014లో 100 రూపాయలకు, 2015లో 200కు, 2016లో 400కు పెరిగింది. వసూలు విషయంలో ఎక్కడా లోటు రాలేదు.

లోటు వచ్చింది ఖర్చులో. 2010-11 నుంచి 2017-18 వరకు ఈ సెస్సు కింద వసూలైన మొత్తం సుమారు 86,440 కోట్ల రూపాయలు. అందులో నిధికి బదిలీ అయినది 29,645 కోట్లు. ఆ నిధి నుంచి ప్రాజెక్టులకు నిజంగా చేరినది 15,911 కోట్లు. అంటే వసూలైన ప్రతి వంద రూపాయల్లో హరిత అవసరానికి చేరినవి 18 రూపాయలు మాత్రమే, తక్కినవి ఖజానా సాధారణ ఖర్చుల్లో కలిసిపోయాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సెస్సు రద్దయింది, కానీ టన్నుకు 400 రూపాయల భారం మాత్రం పోలేదు. పేరు పరిహార సెస్సుగా మారి, సొమ్ము రాష్ట్రాల పన్ను నష్టాన్ని పూడ్చడానికి, తరువాత కోవిడ్ కాలంలో అందుకోసం చేసిన అప్పులు తీర్చడానికి వెళ్లింది. రాష్ట్రాల నష్టం పూడ్చడం అవసరమైన పనే. అయితే బొగ్గు మీద పన్నుకు, సౌరశక్తి మీద ఖర్చుకు మధ్య ఉన్న ఒక్క ముడి ఆ రోజుతో తెగిపోయింది.

హరిత ఆర్థిక వ్యవస్థకు ప్రభుత్వ నిధుల గురించి మాట్లాడేటప్పుడు చర్చ సాధారణంగా ఎన్ని వేల కోట్లు అన్న ప్రశ్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు, 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం అన్న లక్ష్యాలు ప్రకటించిన తరువాత పథకాల పేర్లు, వాటి పక్కన పెద్ద అంకెలు వరుసగా వచ్చాయి. పదిహేనేళ్ల అనుభవాన్ని దగ్గరగా చూస్తే మాత్రం మొత్తం ఎంత అన్నదాని కన్నా ఆ సొమ్ము ఏ పని చేస్తోంది అన్నదే ఫలితాన్ని నిర్ణయించిందని తెలుస్తుంది. ప్రైవేటు పెట్టుబడి మోయలేని ప్రమాదాన్ని ఖజానా మోసిన చోట కొద్ది సొమ్ముతో పెద్ద మార్పు వచ్చింది. ఒక సబ్సిడీకి ఎదురుగా మరో సబ్సిడీ నిలబడిన చోట పెద్ద సొమ్ము కూడా కదలలేదు. ఇక ఈ మార్పులో నష్టపోయే మనుషుల కోసం అసలు పద్దే లేదు.

బొగ్గు పన్ను కథలో 2025 సెప్టెంబరు 22న మరో మలుపు వచ్చింది. ఆ రోజు నుంచి అమలైన జీఎస్టీ మార్పుల్లో బొగ్గుపై టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు పోయింది, జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. అదే సమయంలో సౌర పలకల వంటి పునరుత్పాదక పరికరాలపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పైకి చూస్తే బొగ్గుపై పన్ను పెరిగి, సౌరశక్తిపై తగ్గినట్టు కనిపిస్తుంది. కొంచెం లెక్క వేసి చూస్తే చిత్రం మారుతుంది. గనిలో టన్ను ధర 1,500 రూపాయలు ఉన్న నాసిరకం బొగ్గుపై మునుపు 75 రూపాయల జీఎస్టీ, 400 రూపాయల సెస్సు కలిపి 475 రూపాయలు పడేది. ఇప్పుడు 270 పడుతుంది. టన్ను 4,500 రూపాయలు ఉన్న మేలురకం బొగ్గుపై మునుపు 625 రూపాయలు పడితే ఇప్పుడు 810 పడుతుంది. రెండు పద్ధతుల్లోనూ పన్ను సమానమయ్యేది టన్ను ధర దాదాపు 3,077 రూపాయలు ఉన్నప్పుడు. అంటే బూడిద ఎక్కువగా ఉండి, ఒక యూనిట్ విద్యుత్తుకు ఎక్కువ టన్నులు కాల్చవలసి వచ్చే బొగ్గు చవకైంది, తక్కువ కాల్చితే సరిపోయే బొగ్గు ప్రియమైంది. బరువును బట్టి వేసే పన్ను నాసిరకాన్ని శిక్షిస్తుంది, విలువను బట్టి వేసే పన్ను దాన్ని కాపాడుతుంది. విద్యుత్ ఉత్పత్తి ఖర్చు తగ్గించడమే ఉద్దేశమైతే ఈ మార్పు సమర్థనీయం. హరిత పన్నుగా చూస్తే మాత్రం ఇది వెనకడుగు.

ఖజానా ఇబ్బంది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పెట్రోలియం రంగం నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు కలిపి 2022-23లో సుమారు 7.5 లక్షల కోట్ల రూపాయలు వచ్చాయి. ఇళ్లపై సౌర పలకల కోసం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకానికి అన్నేళ్లకూ కలిపి కేటాయించినది 75,021 కోట్లు, అంటే చమురు ఒక్క ఏడాదిలో ఇచ్చే ఆదాయంలో పదో వంతు. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, రోడ్డు సెస్సు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించినప్పుడు వదులుకున్నది ఆ రెండింటినే కాదు, ఆ బండి స్థానంలో పెట్రోలు బండి ఉంటే అది జీవితకాలంలో తాగే పెట్రోలుపై వచ్చే వ్యాట్‌ను కూడా. హరిత పరివర్తన విజయవంతమయ్యే కొద్దీ దానికి డబ్బు పెట్టవలసిన ఖజానా ఆదాయం తగ్గుతుంది. ఈ లెక్కను ముందుగా వేసుకొని ప్రత్యామ్నాయ రాబడి చూపిన బడ్జెట్ పత్రం కేంద్రంలో గానీ, రెండు తెలుగు రాష్ట్రాల్లో గానీ ఇంతవరకు రాలేదనే చెప్పాలి.

కొద్ది సొమ్ము, పెద్ద ఫలితం

2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు సౌర విద్యుత్తుకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన ధర యూనిట్‌కు 17.91 రూపాయలు. ఆ ఏడాది చివర జరిగిన తొలి వేలంలో కంపెనీలు 10.95 నుంచి 12.76 రూపాయల మధ్య కోట్ చేశాయి. అంత ధర పెట్టి ఏ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కొంటుంది? కొనదని తెలుసు కాబట్టి ఒక ఉపాయం చేశారు. ఎన్టీపీసీ అనుబంధ సంస్థ ఆ ఖరీదైన సౌర విద్యుత్తును కొని, కేంద్రం చేతిలో ఎవరికీ కేటాయించకుండా మిగిలి ఉన్న చవక బొగ్గు విద్యుత్తుతో కలిపి, సగటు ధరకు డిస్కంలకు అమ్మింది. బడ్జెట్ నుంచి నేరుగా సబ్సిడీ ఇవ్వకుండానే తొలి సౌర ప్లాంట్లకు కొనుగోలుదారు దొరికాడు. ఆ తొలి ప్లాంట్లే లేకపోతే తరువాతి ధరల పతనానికి పునాది ఉండేది కాదు.

రెండో మెట్టు ఉమ్మడి కర్నూలు జిల్లాలో కనిపిస్తుంది. గని, శకునాల గ్రామాల పరిసరాల్లో దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, 2017 నాటికి ఉత్పత్తి మొదలైంది. సోలార్ పార్కుల పథకం కింద కేంద్రం ఇచ్చే సాయం మెగావాట్‌కు 20 లక్షల రూపాయలు లేదా పార్కు అభివృద్ధి ఖర్చులో 30 శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అది. వెయ్యి మెగావాట్లకు లెక్క వేసినా 200 కోట్లు మించదు. దాని మీద నిలబడిన ప్రైవేటు పెట్టుబడి వేల కోట్లు. ఆ 200 కోట్లు పలకలు కొనడానికి కాదు, భూమి ఒక్కచోట చేర్చడానికి, రోడ్లు, నీరు, సబ్‌స్టేషన్ సమకూర్చడానికి. కంపెనీ రైతుల దగ్గర ఒక్కొక్క సర్వే నంబరు కొనుక్కుంటూ, పాసుపుస్తకాల తగాదాలు తీర్చుకుంటూ, లైను కోసం మూడేళ్లు ఎదురుచూసే అవసరం లేకుండా పోయింది. కొనుగోలుదారుగా ఎన్టీపీసీ నిలబడింది. ఫలితంగా 2015 నవంబరు వేలంలో ఇక్కడి ధర యూనిట్‌కు 4.63 రూపాయలకు దిగింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ. ఆ తరువాత 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 రూపాయలకు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99 రూపాయలకు ధర పడిపోయింది. చైనా పలకలు చవక కావడం ఇందులో పెద్ద కారణమే, కానీ భూమి, లైను, చెల్లింపు అనే మూడు భయాలు తీరకపోతే ఆ చవకదనం బిడ్డు దాకా వచ్చేది కాదు.

విద్యుత్ లైన్లకు పెట్టిన సొమ్ముదీ ఇదే తీరు. పునరుత్పాదక విద్యుత్తును తరలించే లైన్ల పథకమైన గ్రీన్ ఎనర్జీ కారిడార్ మొదటి దశలో ఆంధ్రప్రదేశ్ సహా ఎనిమిది రాష్ట్రాల్లో 10,142 కోట్ల పనులు చేపడితే, అందులో 40 శాతం కేంద్ర గ్రాంటు, 40 శాతం జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం, 20 శాతం రాష్ట్రాల వాటా. సౌర ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, హై టెన్షన్ లైను మాత్రం దారి హక్కు కోసం పొలం పొలానికీ ఒప్పందాలు చేసుకుంటూ నాలుగైదేళ్లు తీసుకుంటుంది. అందువల్ల లైను ముందు, ప్లాంటు తరువాత అన్న వరుసలో ఖర్చు పెట్టగలిగేది ప్రభుత్వమొక్కటే. ఆ వరుస తప్పితే ఏమవుతుందో 2025లో రాజస్థాన్ చూపించింది. అక్కడ ప్లాంట్లు సిద్ధమై, తరలించే లైన్లు లేక వేల మెగావాట్ల ఉత్పత్తిని మధ్యాహ్నం వేళ ఆపుకోవలసి వచ్చింది. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (మిగులు విద్యుత్తుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్ తీసేది) వంటి నిల్వ ప్రాజెక్టులు వస్తున్నందున, రాయలసీమలో పగటి మిగులును సాయంత్రానికి దాచుకునే అవకాశం ఏర్పడుతోంది. బ్యాటరీ నిల్వకు కేంద్రం 2023లో, ప్రాజెక్టు గిట్టుబాటు కావడానికి తగ్గే సొమ్మును పూడ్చే లోటు భర్తీ నిధి ప్రకటించడం కూడా సరైన చోట పెట్టిన సొమ్మే.

మాట తప్పితే పడే ఖర్చు

ప్రభుత్వం పెట్టే డబ్బు కన్నా ప్రభుత్వం నిలబెట్టుకునే మాట ఎంత విలువైనదో ఆంధ్రప్రదేశ్ అనుభవం చెబుతుంది. 2019 జూలైలో కొత్త ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడటానికి ఉన్నత స్థాయి కమిటీ వేసింది. డిస్కంలు అప్పుల్లో కూరుకుపోయాయన్నది, యూనిట్‌కు నాలుగైదు రూపాయల చొప్పున పాతికేళ్లు కొనడం భారమన్నది అబద్ధం కాదు. కానీ సంతకం చేసిన ఒప్పందాన్ని ఏకపక్షంగా సవరించవచ్చన్న సంకేతం వెళ్లింది. వివాదం హైకోర్టుకు చేరి, తాత్కాలికంగా 2.43, 2.44 రూపాయల చొప్పున చెల్లింపులు సాగి, చివరకు 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందంలోని ధరే చెల్లించాలని తీర్పునిచ్చింది. మిగుల్చుకోవాలనుకున్నది మిగలలేదు. మధ్యలో మూడేళ్ల పాటు అప్పిచ్చిన బ్యాంకులకు ఆ రాష్ట్రం పేరు వింటేనే వెనకడుగు వేయాలనిపించింది. వడ్డీలో ఒక శాతం పెరిగితే సౌర విద్యుత్ ధర ఎంతో కొంత పెరుగుతుంది, ఎందుకంటే ఈ రంగంలో ఇంధనం ఖర్చు లేదు, ఉన్న ఖర్చంతా మొదట పెట్టే అప్పే. అదే రాష్ట్రం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించి పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి లక్ష్యంగా పెట్టుకుంది. 2025 జనవరిలో పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ (పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కు విశాఖపట్నంలో శంకుస్థాపన జరిగింది. ఆ లక్ష్యంలో ఎంత నెరవేరుతుందన్నది రాయితీల జాబితా కన్నా, ప్రభుత్వాలు మారినా ఒప్పందాలు నిలుస్తాయన్న నమ్మకం మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

ఇందుకు పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన ఆలస్యపు చెల్లింపుల నిబంధనలు. అప్పటికి దేశంలోని డిస్కంలు ఉత్పత్తిదారులకు బాకీపడ్డ మొత్తం దాదాపు 1.4 లక్షల కోట్లు. పాత బాకీని వాయిదాల్లో తీర్చుకోవడానికి వీలు కల్పిస్తూనే, కొత్త బిల్లు గడువు దాటితే ఆ డిస్కంకు మార్కెట్లో విద్యుత్ కొనే అవకాశాన్ని నిబంధనలు కత్తిరించాయి. బడ్జెట్‌లో పెద్ద పద్దు ఏదీ లేకుండానే పాత బాకీల్లో అత్యధిక భాగం తీరింది. విద్యుత్ బస్సుల విషయంలో 2024 సెప్టెంబరులో ఆమోదించిన చెల్లింపు భద్రతా నిధిదీ ఇదే తర్కం. 3,435 కోట్ల రూపాయలతో 38 వేలకు పైగా బస్సులకు హామీ లభిస్తుంది. ఏదైనా రవాణా సంస్థ అద్దె బస్సుల సొమ్ము కట్టకపోతే నిధి నుంచి ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని రిజర్వు బ్యాంకులోని రాష్ట్ర ఖాతా నుంచి మినహాయించుకుంటారు. రాష్ట్రాలకు ఈ షరతు రుచించదు, కానీ బస్సు కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు అడిగేది సరిగ్గా దీన్నే.

సబ్సిడీ మీద సబ్సిడీ

కథ తారుమారయ్యేది ఇంటి మీటరు దగ్గర, పొలంలో మోటారు దగ్గర. పీఎం సూర్యఘర్ కింద ఇంటిపై రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేల రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. మూడు కిలోవాట్ల పలకలు మన ఎండకు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి. ఇప్పుడు హైదరాబాద్ శివారులో తెల్లరేషన్ కార్డున్న ఒక కుటుంబాన్ని ఊహించండి. నెలకు 180 యూనిట్లు వాడతారు. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడకానికి వారి బిల్లు సున్నా. కేంద్రం 78 వేలు ఇచ్చినా మిగతా లక్ష రూపాయలు అప్పు చేసి పైకప్పు మీద పలకలు పెట్టుకుంటే ఆ కుటుంబానికి ఆదా అయ్యేది ఏమీ లేదు. ఒక ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ మరో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీని పనికిరాకుండా చేస్తోంది.

మరి పలకలు ఎవరికి లాభం? ఆంధ్రప్రదేశ్ గృహ స్లాబుల్లో 30 యూనిట్ల వరకు ధర 1.90 రూపాయలు, 226 యూనిట్లు దాటాక 8.75, 400 దాటాక 9.75. రెండు ఏసీలు తిరిగే ఇంటికి పలకల ఖర్చు నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. చిన్న ఇంటికి రాదు. పైగా ఆ పెద్ద ఇల్లు పై స్లాబులో కట్టే సొమ్ముతోనే డిస్కం కింది స్లాబులో నష్టాన్ని పూడ్చుకుంటుంది. ఆ వినియోగదారు సగం గ్రిడ్ నుంచి తప్పుకున్న రోజున ఆ లోటు ట్రూ అప్ చార్జీల (అంచనాకు మించిన ఖర్చును తరువాత వసూలు చేసే చార్జీల) రూపంలో మిగతా వారి బిల్లులోకి ఎక్కుతుంది, లేదా రాష్ట్ర ఖజానా మీద పడుతుంది. పథకం చెడ్డదని దీని అర్థం కాదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లపై రాష్ట్రమే పలకలు పెట్టించి, ఉచిత విద్యుత్తుకు ఏటా కట్టే సబ్సిడీని అటు మళ్లిస్తే రాష్ట్రానికి కొన్నేళ్లలో భారం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ ఆ దిశగా అడుగు వేయడం సరైన పని. లబ్ధి ఇంటికి కాదు, సబ్సిడీ భరించే ఖజానాకు కలిగేలా పథకాన్ని అమర్చడమే ఇందులోని కిటుకు.

పొలం దగ్గర ఇదే సమస్య పదింతలు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో సౌర పంపుసెట్టుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తాయి, 40 శాతం రైతు పెట్టుకోవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో పగటి పూట 9 గంటల ఉచిత విద్యుత్తు ఉంది. బోరు మోటారు ఖర్చు లేకుండా తిరుగుతున్న రైతు తన చేతి డబ్బు లక్షల్లో ఎందుకు పెడతాడు? ఈ పథకం తెలుగు రాష్ట్రాల్లో మందకొడిగా సాగడానికి అధికారుల అలసత్వం కన్నా ఈ లెక్కే ముఖ్య కారణం. పథకంలోనే మరో భాగం ఉంది, అది మన పరిస్థితికి అతికినట్టు సరిపోతుంది. వ్యవసాయ ఫీడరును, అంటే సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకు వెళ్లే లైనును వేరు చేసి, ఆ సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సౌర ప్లాంటు పెట్టి, ఆ ఫీడరు మీది మోటార్లన్నిటికీ పగటిపూట విద్యుత్ ఇవ్వడం. రైతు రూపాయి పెట్టనక్కర్లేదు, అతనికి రాత్రి పూట మోటారు దగ్గర కాపలా తప్పుతుంది, దూరపు లైన్లలో నష్టం తగ్గుతుంది. డిస్కం ఆరేడు రూపాయలు ఖర్చయ్యే విద్యుత్తుకు బదులు మూడు రూపాయల పైచిలుకుకు కొనుక్కుంటుంది. మహారాష్ట్ర ఈ దారిలో 16 వేల మెగావాట్ల లక్ష్యంతో ముందుకు వెళ్లింది. తెలుగు రాష్ట్రాలు ఏటా వేల కోట్లు వ్యవసాయ విద్యుత్ సబ్సిడీగా డిస్కంలకు చెల్లిస్తున్నాయి కాబట్టి, ఇక్కడ హరిత పెట్టుబడి ఖర్చు పద్దులో కాకుండా ఆదా పద్దులో రాసుకోవలసినది.

ఇక్కడే మీటర్ల గొడవ అడ్డు తగిలింది. విద్యుత్ సంస్కరణలు చేపట్టిన రాష్ట్రాలకు స్థూల ఉత్పత్తిలో 0.5 శాతం మేర అదనంగా అప్పు తెచ్చుకునే వీలు 2021-22 నుంచి కేంద్రం కల్పించింది. ఆంధ్రప్రదేశ్ ఆ సదుపాయాన్ని వాడుకొని వ్యవసాయ మోటార్లకు స్మార్ట్ మీటర్ల పని మొదలుపెట్టింది. నాటి తెలంగాణ ప్రభుత్వం మోటార్లకు మీటర్లంటే రైతు మెడకు ఉరితాడని చెప్పి ఆ అప్పు వద్దనుకుంది. రెండు చోట్లా ఎన్నికల్లో ఇది పెద్ద చర్చే అయింది. మీటరు బిగిస్తే రేపు బిల్లు వస్తుందన్న రైతు అనుమానం నిరాధారం కాదు. మీటరే లేకపోతే డిస్కం విద్యుత్ చౌర్యం వల్ల వచ్చే నష్టాలను కూడా వ్యవసాయ వాడకంలో రాసేస్తుందన్నదీ నిజమే. ఫీడరు దగ్గర కొలిస్తే ఈ రెండు భయాలకూ చోటుండదు. ఆ మధ్యే మార్గాన్ని రెండు పక్షాలూ పట్టించుకోలేదు.

ఫ్యాక్టరీలకు ఇచ్చే ప్రోత్సాహకాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సౌర పలకల తయారీకి 24 వేల కోట్లు, బ్యాటరీ సెల్‌లకు 18,100 కోట్లు, గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు ప్రకటించారు. పలకల తయారీ సామర్థ్యం 2025 ఆగస్టులో వంద గిగావాట్లు దాటింది, బ్యాటరీ సెల్‌లు మాత్రం గడువులు దాటుతూనే ఉన్నాయి. పలకల విజయంలో ఖజానా ప్రోత్సాహకం కన్నా 2022 ఏప్రిల్ నుంచి వేసిన 40 శాతం దిగుమతి సుంకానిదే పెద్ద పాత్ర, అంటే ఆ ఖర్చులో ఎక్కువ భాగం విద్యుత్ కొనేవారు మోశారు. హరిత పనుల పేరుతో కేంద్రం అప్పు తెచ్చే సావరిన్ గ్రీన్ బాండ్ల మీద పెట్టుకున్న ఆశలు కూడా అంకెల ముందు చిన్నబోతాయి. 2023 జనవరి, ఫిబ్రవరి నెలల్లో 16 వేల కోట్లు సమీకరించినప్పుడు మామూలు బాండ్ల కన్నా వడ్డీ సుమారు 0.05 శాతం తగ్గిందని సంబరపడ్డారు. 16 వేల కోట్లపై ఆ తగ్గింపు ఏడాదికి ఎనిమిది కోట్లు. తరువాతి వేలాల్లో ఆ రాయితీ కూడా నిలవలేదు. ఆ సొమ్ము వెళ్లిన రైల్వే విద్యుత్ ఇంజన్లు, మెట్రోల వంటి పనులు గ్రీన్ బాండ్లు లేకపోయినా బడ్జెట్‌లో ఉండేవే.

గోదావరి లోయలో లేని పద్దు

కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి, ఈ పట్టణాల బతుకంతా సింగరేణి చుట్టూ అల్లుకున్నదే. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ఈ సంస్థలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు సుమారు 40 వేలు. ఉత్పత్తి మాత్రం పెరిగింది, ఎందుకంటే భూగర్భ గనుల స్థానంలో నేలను పైనుంచి యంత్రాలతో తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. అంటే బొగ్గు పట్టీలో ఉపాధి పోవడం వాతావరణ విధానాలతో మొదలు కాలేదు, పాతికేళ్ల కిందే మొదలైంది. అప్పుడూ దానికొక పునరావాస నిధి లేదు. దసరాకు ముందు ఇచ్చే లాభాల వాటా ఈ ప్రాంతపు వ్యాపారానికి ఏడాది ఊపిరి. 2024లో 33 శాతం వాటాగా 796 కోట్లు పంచారు, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఐదేసి వేలు ఇచ్చారు. ఒకే గనిలో ఒకే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య దూరం ఆ రెండు అంకెల్లో ఉంది. గని మూతపడితే పర్మినెంటు కార్మికుడికి మరో గనికి బదిలీ, పెన్షను, కారుణ్య నియామకం ఉన్నాయి. కాంట్రాక్టు డ్రైవరుకు, క్యాంటీన్ నడిపేవాడికి, క్వార్టర్ల పక్కన కిరాణా కొట్టుకు ఏమీ లేదు.

జర్మనీ 2020లో బొగ్గు నుంచి వైదొలిగే చట్టాలు చేసినప్పుడు బొగ్గు ప్రాంతాలకు 2038 వరకు 40 బిలియన్ యూరోల దాకా కేటాయించింది. దక్షిణాఫ్రికా దారి వేరు. 2021లో సంపన్న దేశాలు 8.5 బిలియన్ డాలర్లు ఇస్తామన్నాయి, అందులో అత్యధికం అప్పే. కోమాటి విద్యుత్ కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసేశారు, కొత్త ఉపాధి మాత్రం మూసివేతతో సమానంగా నడవలేదు. ఊరి ఆర్థిక వ్యవస్థ ముందు కుంగిపోయి, శిక్షణ కేంద్రాలు తరువాత వచ్చాయి. దేశంలో ఇంకా విద్యుదుత్పత్తిలో దాదాపు 70 శాతం బొగ్గు నుంచే వస్తున్నందున గోదావరి లోయకు ఆ రోజు రేపే రాదు. వ్యవధి ఉన్నప్పుడే వరుస సరిచూసుకోవడం చవక.

ఇందుకు కొత్త సెస్సు అవసరం కూడా లేదు. గని తవ్వే భూమిని తిరిగి పూడ్చడానికి కంపెనీలు వేరే పనికి వాడలేని ఎస్క్రో ఖాతాల్లో సొమ్ము జమ చేస్తున్నాయి, అది నేలకు సంబంధించినది. మనుషుల కోసం 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది. పాత గనుల నుంచి రాయల్టీలో 30 శాతం ఆ నిధికి చేరుతుంది. బొగ్గుపై రాయల్టీ 14 శాతం కాబట్టి, టన్ను 3,000 రూపాయలైతే రాయల్టీ 420, అందులో జిల్లా నిధి వాటా 126 రూపాయలు. సింగరేణి ఏటా దాదాపు ఏడు కోట్ల టన్నులు తవ్వుతుంది. ఇదే లెక్కన వందల కోట్లు ఏటా బొగ్గు జిల్లాలకు వస్తాయి. ఆ సొమ్ము ఇప్పుడు ఎక్కువగా సీసీ రోడ్లకు, డ్రైనేజీలకు, భవనాలకు, నియోజకవర్గాల వారీ పంపకాలకు పోతోంది. జీవనోపాధి, నైపుణ్య శిక్షణ కూడా నిబంధనల్లో ప్రాధాన్య రంగాలే కాబట్టి, ఏటా వచ్చే దానిలో ఒక నిర్ణీత వాటాను ఖర్చు చేయకుండా మూలధనంగా దాచి, మూసివేత షెడ్యూలు ఖరారైన ప్రతి గనికి ఐదేళ్ల ముందు నుంచి ఆ చుట్టుపక్కల కాంట్రాక్టు కార్మికుల పేర్లతో జాబితా తయారు చేయడానికి చట్టం అడ్డు రాదు. బొగ్గు సెస్సులో వందకు 18 రూపాయలే గమ్యం చేరిన సంగతి తెలిసినవారు అడగవలసినది ఆ వాటాను వేరే పద్దుకు మళ్లించలేని విధంగా రాష్ట్ర నియమావళిలో రాయమని.